ఇంటి మాటయు, బడి మాటయు

ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించు ఉపాధ్యాయునకు ఏటేట ఎదురగు ప్రశ్న యొకటి గలదు. కూలివాడొకడు 50 కిలోల బస్తాను నెత్తిన పెట్టుకొని చదునైన బాటపై అర కిలోమీటరు నడచెను. అతడు బస్తాపై చేసిన పని యెంత? సున్న యని పుస్తకము చెప్పును. తరగతి గొల్లుమనును. వెనుక బల్లపై నుండి ఎవడో యొకడు లేచి, "అయితే వానికి కూలి ఇయ్యనక్కరలేదా, మాస్టారూ?" అని యడుగును.

కొందరు ఉపాధ్యాయులు ఆ బాలుని గద్దించి కూర్చుండబెట్టుదురు. మరికొందరు, "పుస్తకములో అట్లున్నది, వ్రాసికొనుడు" అని ముందునకు సాగిపోవుదురు. నిజమునకు ఆనాటి పాఠమున అంతకంటె మంచి ప్రశ్న పుట్టుట కష్టము. ఆ బాలుని తండ్రియే బస్తాలు మోయువాడు కావచ్చును. సాయంకాలము ఇంటికి వచ్చి భుజములకు నూనె రాచుకొను తండ్రిని చూచిన బిడ్డకు, ఆ శ్రమ యంతయు సున్న యని చెప్పు శాస్త్రముపై గౌరవము కలుగునా? పరీక్షకొరకు 'సున్న' యని వ్రాయును. శాస్త్రము వేరు, లోకము వేరు అని మనసున నిశ్చయించుకొనును. ఆ నిశ్చయము కలిగిన దినముననే అతని విజ్ఞాన విద్య ముగిసినది. తరువాత మిగులునది కంఠస్థము మాత్రమే.

చిక్కంతయు ఒక మాటలో నున్నది. 'పని' యను పదము ఆ బాలుడు ఉయ్యాలనాటి నుండి విన్నది. బడిలో వినబడినదియు ఆ పదమే. కాని దాని అర్థము వేరు. భౌతికశాస్త్రమున మొదటి మెట్లన్నియు ఇట్టి మాటలతోనే కట్టబడినవి. పని, బలము, శక్తి, బరువు, వేగము, వేడి - వీనిలో బాలునకు తెలియని మాట ఒక్కటియు లేదు. తెలియని మాట ఎదురైనచో విద్యార్థి ఆగి అర్థమడుగును. తెలిసిన మాట ఎదురైనపుడు ఆగడు. కనుకనే కష్టమైన పదములకంటె సులభమైన పదములే బోధనలో ఎక్కువ ప్రమాదకరములు.

పని

వాడుకలో పని యనగా శ్రమతో గూడిన వ్యాపారము. శాస్త్రమున దాని హద్దు చాల ఇరుకు. ఒక వస్తువుపై ప్రయోగించిన బలమును, ఆ బలము యొక్క దిశలో ఆ వస్తువు జరిగిన దూరముతో గుణింపగా వచ్చునది పని. కూలివాడు బస్తా క్రింద పడకుండ దానిని పైకి ఎత్తిపట్టుచున్నాడు; అతని బలము మీదికి. బస్తా జరిగినది ముందునకు. పైదిశలో అది అంగుళమైనను జరుగలేదు. కావున ఆ ఎత్తిపట్టు బలము చేసిన పని సున్న.

అయితే ఆ బస్తాను నేలనుండి తన తలయెత్తునకు, అనగా 1.5 మీటరు పైకి, లేపినపుడు మాత్రము అతడు దానిపై పని చేసినాడు. 50 కిలోల బస్తాను భూమి లాగు బలము 490 న్యూటన్లు. దానిని 1.5తో గుణించిన 735 జౌల్‌లు. నడచినంత దూరము ఆ లెక్క పెరుగలేదు, అంతియే.

మరి చెమట యెట్లు పట్టినది? కండరము బల్లవలె ఊరక నిలువబడి బరువును మోయజాలదు. బిగిసియున్నంతసేపు దానిలోని సూక్ష్మతంతువులు ఎడతెగక ముడుచుకొనుచు సడలుచు నుండును. అడుగడుగునకు శరీరము కొంచెము లేచుచు దిగుచు నుండును. అందులకు వలయు శక్తి తిన్న అన్నమునుండి వచ్చి, తుదకు చాలవరకు వేడియై ఒడలినుండి వెడలిపోవును. కూలివాడు శక్తిని వ్యయము చేసెను, అందు సందేహము లేదు. ఆ శక్తి బస్తాకు చేరలేదు, అదియే శాస్త్రము చెప్పినది. బస్తాను బండిపై పెట్టి లాగినచో అంత చెమట పట్టకపోవుటకు కారణము ఇదియే. "పని సున్న" యను వాక్యమునకు ముందు "బస్తాపై" అను మాటను ఉపాధ్యాయుడు నొక్కి చెప్పినచో బాలుని తండ్రికి అన్యాయము జరుగదు. కూలి నిర్ణయించుట సూత్రము వంతు కాదు, మనుష్యుల వంతు.

బావిలో నీరు తోడుట ఈ పాఠమునకు మంచి యుదాహరణము. 10 మీటర్ల లోతు బావినుండి 15 లీటర్ల నీటిని బొక్కెనతో చేదినచో, బొక్కెన, చేంతాడుల బరువును విడిచిపెట్టినను, 1,470 జౌల్‌ల పని యగును. ఆ బొక్కెనను అక్క 15 సెకనులలో చేదును, అన్న 10 సెకనులలో చేదును. ఇద్దరి పనియు ఒక్కటే. సెకనునకు ఎంత పని యను లెక్క మాత్రము వేరు: అక్కది 98 వాట్లు, అన్నది 147 వాట్లు. ఈ రెండవ లెక్కనే పాఠ్యపుస్తకములు 'సామర్థ్యము' అనును. లోకమున సామర్థ్యమనగా నేర్పు, దక్షత; శాస్త్రమున అది కేవలము పని జరుగు వడి.

కరెంటు బిల్లులో కనబడు 'యూనిట్' అనునది సామర్థ్యము కాదు, శక్తి. ఒక యూనిట్ 36,00,000 జౌల్‌లకు సమానము. పైన చెప్పిన బావిలో సుమారు 2,449 బొక్కెనలు తోడిననే గాని ఒక యూనిట్‌కు సరిపడు పని కాదు. ఈ ఒక్క లెక్క నల్లబల్లపై వేసి చూపినచో, అక్కరలేని దీపమును ఆర్పుమని వేరుగా నీతి చెప్ప నవసరముండదు.

బలము, శక్తి

"వానికి బలమున్నది", "వానికి శక్తి యున్నది" - వాడుకలో ఈ రెండు వాక్యములకు భేదము లేదు. కవులు భీముని బలశాలి యన్నను, శక్తిమంతుడన్నను చెల్లును. శాస్త్రమున మొదటి వాక్యము తప్పు. బలమనునది ఒకని యొద్ద నుండు సొత్తు కాదు. రెండు వస్తువుల నడుమ జరుగు వ్యవహారము. బాలుడు గోడను నెట్టినంతసేపును గోడయు బాలుని అంతే బలముతో ఎదురు నెట్టుచుండును. చేయి తీసివేసిన క్షణమున ఆ రెండు బలములును లేవు. ఒంటరిగా నిలుచున్న మల్లుడు గాలితో కుస్తీ పట్టజాలడు కదా.

శక్తి యట్టిది కాదు. అది కలిగియుండదగినది, దాచియుంచదగినది. వింటినారి లాగి పట్టిన వానియొద్ద బాణము ఇంకను కదలలేదు. కాని వంగిన వింటిలో శక్తి నిలువయున్నది. దానిని స్థితిశక్తి యందురు. నారి విడిచినంతనే అది బాణమునకు గతిశక్తిగా మారును.

ఇచట వ్యాకరణము భౌతికశాస్త్రమునకు తోడ్పడును. నామవాచకమును ఒంటరిగా వల్లెవేయక, దానికి తగిన క్రియాపదముతో కలిపి నేర్చినచో పొరపాటు రాదు. బలమును ప్రయోగింతురు. పనిని చేయుదురు. శక్తిని కలిగియుందురు, వ్యయము చేయుదురు. "బలము ఖర్చయినది" అని విద్యార్థి వ్రాసినచో, సూత్రము తెలియకున్నను, క్రియను చూచియే ఉపాధ్యాయుడు దోషమును పట్టవచ్చును.

బరువు, ద్రవ్యరాశి

'ద్రవ్యరాశి' యను మాట కొందరు బాలురను నవ్వించును, కొందరిని భయపెట్టును. ద్రవ్యమనగా ధనమని ఇంట విన్నారు. రాశి యనగా కుప్ప. ద్రవ్యరాశి యనగా ధనపుకుప్ప యని వారికి తోచినచో తప్పు వారిది కాదు. మరికొందరు ద్రవ్యమును, నీటివంటి ద్రవమును ఒకటిగా తలతురు. ఇచట ద్రవ్యమనగా పదార్థము. రాశి యనగా మొత్తము. వస్తువులో పదార్థమెంత యున్నదో అది ద్రవ్యరాశి. ఆ వస్తువును భూమి ఎంత బలముతో తనవైపు లాగుచున్నదో అది బరువు, లేక భారము. మొదటిది కిలోగ్రాములలో చెప్పవలెను, రెండవది న్యూటన్లలో. అంగడిలో "ఒక కిలో బరువు" అనుట లోకవ్యవహారము; దానిని మాన్పింప నక్కరలేదు. తరగతిలో మాత్రము రెంటిని వేరుగా నుంచవలెను.

ఈ భేదమును చూపుటకు రెండు తూనికలు చాలును. ఒకటి రెండు సిబ్బెల త్రాసు. రెండవది స్ప్రింగు త్రాసు. రెండు సిబ్బెల త్రాసు ఒకవైపు వస్తువును, ఒకవైపు రాయిని పెట్టి పోల్చును. దానిని చంద్రునిపైకి కొనిపోయినను కిలో బెల్లమునకు కిలో రాయి సరితూగును. ఏలయన రెంటిపైనను లాగు బలము సమముగనే తగ్గినది. స్ప్రింగు త్రాసు అట్లు పోల్చదు, లాగుడునే కొలుచును. చంద్రునిపై దాని ముల్లు ఇక్కడి గుర్తులో సుమారు ఆరవ వంతు వద్దనే నిలుచును. 60 కిలోల ద్రవ్యరాశిగల మనుష్యుని బరువు భూమిపై 588 న్యూటన్లు, చంద్రునిపై సుమారు 97 న్యూటన్లు. 1969 జూలైలో చంద్రునిపై కాలిడినవారు సన్నబడలేదు. వారి బరువు మాత్రమే తగ్గినది. అంత దూరము పోనక్కరలేదు. భూమధ్యరేఖ వద్దకంటె ధ్రువముల వద్ద వస్తువుల బరువు సుమారు నూటికి అరవంతు ఎక్కువ.

తూనికకును కొలతకును గల భేదమును పెద్దలు బాగుగ ఎరిగినవారే. పలము, వీశె, మణుగు తూకపు మానములు; సోల, మానిక, కుంచము కొలత పాత్రలు. కుంచము బియ్యమును కుంచము ఊకయు పరిమాణమున సమానమే. ఎత్తిచూచిన చేతికి మాత్రము భేదము తెలియును. 'సాంద్రత' యను పాఠము ఆ కుంచములోనే యున్నది. 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చిన పిమ్మట దేశమంతట క్రమముగా మెట్రిక్ మానములు నెలకొన్నవి. ఆ కిలోగ్రామునకు 1889 నుండి పారిస్ సమీపమున భద్రపరుపబడిన ప్లాటినం-ఇరిడియం స్తూపము ప్రమాణముగా నుండెను. 2019 మే 20 నుండి ఆ లోహపు ముక్కను విడిచి, ప్లాంక్ స్థిరాంకమను ప్రకృతిసిద్ధమైన సంఖ్య నాధారముగా గొని కిలోగ్రామును నిర్వచించుచున్నారు.

ద్రవ్యరాశికి మరియొక ముఖము జడత్వము. జడుడనగా మందుడను అర్థమున్నందున, జడత్వమనగా కదలకపోవుట యని విద్యార్థులు భావింతురు. అది సగము మాత్రమే నిజము. ఆగియున్నది ఆగియే యుండగోరును. కదలుచున్నది అదే దిశలో, అదే వడితో కదలుచునే యుండగోరును. వదులైన గొడ్డలిని బిగించుటకు వడ్రంగి కామ అడుగును నేలపై మోదును. కామ ఆగును, ఇనుప గొడ్డలి దిగివచ్చుచున్న ఊపున ఇంకను దిగి కామలో బిగియును. అచట పని చేసినది సోమరితనము కాదు, ఆగకుండ సాగు స్వభావము.

వడి, వేగము

వడి, వేగము వాడుకలో పర్యాయపదములు. శాస్త్రకారులు వానిని విడదీసి, దిశతో పనిలేని దానిని వడి యనియు, దిశతో గూడిన దానిని వేగమనియు ఏర్పాటు చేసికొనిరి. ఇది ఒడంబడిక, మాటలోనుండి తవ్వితీయదగిన అర్థము కాదు. ఉపాధ్యాయుడు ఆ మాట దాచక చెప్పవలెను.

గానుగెద్దును చూడుడు. గానుగ నడుమనుండి 3.5 మీటర్ల దూరమున తిరుగు ఎద్దు ఒక చుట్టునకు 22 మీటర్లు నడచును. 22 సెకనులలో ఒక చుట్టు ముగించినచో దాని వడి సెకనునకు ఒక మీటరు. కాని చుట్టు పూర్తియైనపుడు ఎద్దు బయలుదేరిన చోటనే యున్నది. నడచిన దూరము 22 మీటర్లు. స్థానభ్రంశము, అనగా ఉన్నచోటి నుండి తొలగిన మేర, సున్న. కావున ఆ చుట్టులో సగటు వేగమును సున్నయే. "గానుగెద్దు ఎంత నడచినను అక్కడనే" యని పల్లెలో అనుకొనునది స్థానభ్రంశ సూత్రమే. మరియు వడి మారకున్నను ఎద్దు క్షణక్షణము దిశ మార్చుచున్నది. దిశ మారిన వేగము మారినట్లే. వేగము మారిన త్వరణమున్నట్లే. త్వరణమనగా త్వరపడుట మాత్రమే యనుకొన్న విద్యార్థికి ఈ ఎద్దు గురువు.

ఉష్ణము, ఉష్ణోగ్రత

పరిభాషలో కొన్ని పదములు విప్పిచూచినంతనే తమ అర్థమును తామే చెప్పును. ఉష్ణోగ్రత యట్టిది. ఉష్ణ + ఉగ్రత యని విడదీసి గుణసంధి యని తెలుగు పంతులు చెప్పును. అదే పదమును భౌతికశాస్త్ర పంతులు అందుకొని, ఉష్ణము ఎంత యున్నదన్నది కాక, ఎంత ఉగ్రముగా నున్నదో తెలుపునది ఉష్ణోగ్రత యని చెప్పవచ్చును. స్కాట్లండు రసాయనవేత్త జోసెఫ్ బ్లాక్ 1760 ప్రాంతమున మొదటిసారి స్పష్టముగా చూపిన భేదము ఇదియే.

దీపావళినాడు కాకరపువ్వొత్తి నుండి రాలు నిప్పురవ్వ ఉష్ణోగ్రత వెయ్యి డిగ్రీలకు మించియుండును. చేతిపై పడినను అది చురుక్కుమని చల్లారును; ఏలయన రవ్వలోని పదార్థము అణుమాత్రము, అందలి ఉష్ణమును స్వల్పమే. 60 డిగ్రీల నీటికాగులో చేయి పెట్టినచో బొబ్బలెక్కును. ఉగ్రత తక్కువయైనను అందు ఉష్ణము అపారము.

గుప్తోష్ణమును అట్లే విప్పవచ్చును. గుప్తదానము చేసినవాని పేరు బయటికి రానట్లు, ఈ ఉష్ణము ఉష్ణమాపకమునకు చిక్కదు. నీరు ఆవిరియగుటకు గ్రామునకు సుమారు 2,400 జౌల్‌ల ఉష్ణమును చుట్టుప్రక్కలనుండి గ్రహించును. రోహిణీకార్తెలో మట్టికుండ పైపొరనుండి చెమర్చిన నీరు ఆవిరియగుచు, ఆ ఉష్ణమును కుండలోని నీటినుండియే లాగుకొనును. 10 లీటర్ల నీటిని 5 డిగ్రీలకు పైగా చల్లబరచుటకు, బయటి వేడి చేరకున్నచో, 100 గ్రాముల నీరు ఆవిరియైన చాలును. గాలి పొడిగానున్న రాయలసీమలో కుండ నీరు చల్లబడినట్లు, గాలిలో తేమ నిండిన సముద్రతీరమున చల్లబడకపోవుటకు కారణము కూడ ఇందే కలదు.

కాగులోని 20 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు కాచుటకు వలయు ఉష్ణము 29,40,000 జౌల్‌లు. దానిని బావి లెక్కతో పోల్చిచూడుడు: బొక్కెనకు 1,470 జౌల్‌ల చొప్పున సరిగా 2,000 బొక్కెనల పని! పని, వేడి ఒకే శక్తికి రెండు రూపములని 1840 దశకమున ఇంగ్లండులో జేమ్స్ జౌల్, దిగు బరువులతో నీటిలో తెడ్లను త్రిప్పి, ఆ నీరు వేడెక్కిన మేరను కొలిచి నిరూపించెను. నీరు అతి కొద్దిగా మాత్రమే వేడెక్కినందున ఆ కొలతకు ఎంతో ఓర్పు కావలసివచ్చెను. పొయ్యిమీది కాగునకును బావిగట్టుమీది గిలకకును చుట్టరికము కుదిర్చినది ఆ ఓర్పే.

పండితుల తడబాటు

ఈ మాటలవలన విద్యార్థి తడబడినచో సిగ్గుపడ నక్కరలేదు. యూరపు ఖండమున మహాపండితులే నూరేండ్లకు పైగా తడబడిరి. కదలు వస్తువు యొక్క 'బలమును' ఎట్లు కొలువవలెనని లైబ్నిట్జ్ 1686లో లేవనెత్తిన వాదము తరతరములు సాగెను. ఒక పక్షము కొలిచినది నేడు ద్రవ్యవేగమనబడుచున్నది. రెండవ పక్షము కొలిచినది గతిశక్తికి సంబంధించినది. మాట ఒక్కటియే యగుటచే వివాదము తెగలేదు. 1807లో థామస్ యంగ్ శక్తికి వేరు పేరు పెట్టెను. 1829లో కొరియోలిస్ 'పని' యను వాడుకమాటకు శాస్త్రార్థము నిర్ణయించెను. అయినను 1847లో హెల్మ్‌హోల్ట్జ్ శక్తి నిత్యత్వమును ప్రకటించిన గ్రంథమునకు, జర్మను భాషలో బలమునకు వాడు మాటనే పేరులో నుంచెను.

తెలుగున ఈ శ్రమ ఆలస్యముగ మొదలైనను చిన్నది కాదు. 1906లో స్థాపింపబడిన విజ్ఞాన చంద్రికా మండలి శాస్త్రగ్రంథములను తెలుగున వెలువరించి త్రోవ తీసెను. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల పాఠ్యగ్రంథములకును పరిభాషకును పూనుకొనెను. వారు కూర్చిన పదములలో ఉష్ణోగ్రత వలె వెలుగునిచ్చునవి కలవు. ద్రవ్యరాశి వలె వివరణము కోరునవియు కలవు. ఇంగ్లీషు మాధ్యమమున చదువు బాలునకు ఈ చిక్కు తప్పినదనుకొనుట భ్రమ. ఆ భాషలోను పని, బలము, శక్తి మొదలగునవి వాడుకమాటలే. అతడు ఇంటి మాటను దాటి రాలేదు గనుక ప్రశ్న పుట్టదు, అంతియే. ప్రశ్న పుట్టకపోవుట తెలిసినదనుటకు గుర్తు కాదు.

ఉపాధ్యాయులు చేయదగినది చాల సులభము. క్రొత్త పాఠము మొదలిడునపుడు పదమును నల్లబల్లపై వ్రాసి, దానికి ఇంట ఏ అర్థమున్నదో ముందు విద్యార్థుల చేతనే చెప్పించుట మొదటిది. ఆ పదమునకు ఏ క్రియ చేరునో, ఏ ప్రమాణమున కొలుతురో అడుగుట రెండవది. సమాసమైనచో విప్పించి, విప్పిన అర్థము శాస్త్రార్థముతో ఎంతవరకు కలియునో, ఎచట విడిపోవునో చూపుట మూడవది. ఇందులకు ప్రయోగశాల అక్కరలేదు. ఒక త్రాసు, ఒక కుండ, ఒక బొక్కెన చాలును. తెలుగు పంతులును సైన్సు పంతులును వారమున కొక్క గడియ కలసి కూర్చున్నచో మరింత మేలు.

ఆ వెనుక బల్ల బాలుడు మరల లేచి, "కూలి ఇయ్యనక్కరలేదా?" అని అడిగినపుడు అతనిచేతనే లెక్క వేయింపవలెను: బస్తా లేపినపుడు 735 జౌల్‌లు, నడచినపుడు బస్తాపై సున్న, తండ్రి ఒడలిలో వ్యయమైన శక్తి వేరు. మూడు పంక్తులు నల్లబల్లపై నిలిచిన తరువాత ఆ బాలుడు సాయంకాలము ఇంటికి పోయి, ఆ లెక్కను తండ్రికి చెప్పగలుగును. తండ్రికి అది అర్థమైనచో పాఠము పూర్తియైనట్లు.